ఆ ఒక్క బోల్టు కోసం!

ఇంజిన్ సిద్ధం. రంగు సిద్ధం. తోలు సీట్లూ సిద్ధం. అయినా కారు కదలదు. ఎందుకంటే... చిటికెనవేలంత బోల్టు ఒకటి దొరకలేదు! పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లకు మళ్లీ ప్రాణం పోసేవాళ్లకు ఇది మామూలుగా ఎదురయ్యే తిప్పే. కారు పాతదైతే బోల్టు కొత్తది కొనుక్కోవచ్చుగా అనిపిస్తుంది. అక్కడే ఉంది అసలు చిక్కంతా. ఆ బోల్టు వెనక ఓ మాంచెస్టర్ పెద్దాయన, ఓ ఫ్రెంచి తుపాకుల కంపెనీ, రెండో ప్రపంచయుద్ధం... అంత కథ ఉంది మరి!

ఇంగ్లండులో ఓ ఇంటి వెనకాల షెడ్డు. అందులో 1948 నాటి ఎంజీ టీసీ కారు. పొడవాటి ముక్కు, సైకిలు చక్రాల్లా సన్నటి ఊచలున్న పెద్ద చక్రాలు, ఇద్దరు మాత్రమే పట్టే సీటు, పైకప్పు బదులు మడతపెట్టే గుడ్డ. కొన్నప్పుడు తుక్కు కింద జమ. చట్రమంతా తుప్పు, బాడీ లోపలి చెక్క సగం పుచ్చిపోయింది. యజమాని సెలవు రోజులన్నీ దాని దగ్గరే గడిపాడు. ప్రతి భాగాన్నీ విప్పాడు, కడిగాడు, రంగు వేశాడు. బోల్టులన్నీ పాత బిస్కెట్ డబ్బాల్లో పోశాడు.

రెండేళ్లు గడిచాయి. ఇక బిగించడమే తరువాయి. తీరా చూస్తే ఇంజిన్‌కు పెట్టాల్సిన ఓ బోల్టు కనపడలేదు. కొలిచి చూస్తే కన్నం ఎనిమిది మిల్లీమీటర్లు. ఇంతేకదా అని బజారుకు వెళ్లి ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టు తెచ్చాడు. వేళ్లతో తిప్పితే ఒక చుట్టు హాయిగా వెళ్లింది. రెండో చుట్టుకు బిగుసుకుంది. రంగు అడ్డుపడిందేమో అనుకుని పానా వేసి గట్టిగా తిప్పాడు. కర్రుమన్న చప్పుడు. అంతే! డెబ్భై ఏళ్లు చెక్కుచెదరని మర క్షణంలో పోయింది.

ఈ కథలోని యజమాని ఫలానా అని కాదు. ఇలాంటి కార్లు బాగుచేసే వాళ్లలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు ఈ ముచ్చట తీర్చుకున్నవాళ్లే. బజారులో దొరికే ఎనిమిది మిల్లీమీటర్ల మామూలు బోల్టు మీద మర చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం 1.25 మిల్లీమీటర్లు. ఆ ఇంజిన్‌లో ఉండాల్సింది సరిగ్గా 1 మిల్లీమీటరు. కంటికి తెలియని ఆ పావు మిల్లీమీటరు తేడాయే కొంప ముంచుతుంది.

ఇంతకీ ఓ ఇంగ్లిషు కారులోకి మిల్లీమీటర్ల మర ఎలా వచ్చింది? అది తెలియాలంటే ముందు అసలు మరలకు లెక్క అంటూ లేని రోజుల్లోకి వెళ్లాలి.

సగటు తీసిన పెద్దాయన

నూటఎనభై ఏళ్ల కిందట బ్రిటన్‌లో ఏ కార్ఖానా బోల్టు దానిదే. ఒక ఊళ్లో చేసిన నట్టు ఇంకో ఊరి బోల్టుకు ఎక్కేది కాదు. యంత్రం చెడితే దాన్ని చేసినవాడి దగ్గరికే పరుగెత్తాలి. రైళ్లు వచ్చాక ఈ గందరగోళం భరించలేనిదైంది.

దీనికి దారి చూపినవాడు మాంచెస్టర్‌లో యంత్ర పరికరాలు తయారుచేసే జోసెఫ్ విట్‌వర్త్. దేశంలోని పెద్ద పెద్ద కార్ఖానాల నుంచి బోల్టులు సేకరించాడు. వాటి మరలు కొలిచాడు. అన్నిటికీ సగటు తీశాడు. మర పళ్ల మధ్య కోణం 55 డిగ్రీలు ఉండాలనీ, పళ్ల కొనలు గుండ్రంగా ఉండాలనీ, ఫలానా లావు బోల్టుకు అంగుళానికి ఇన్ని చుట్లనీ 1841లో ప్రతిపాదించాడు. అదే విట్‌వర్త్ మర. ప్రపంచంలో ఒక దేశమంతా పాటించిన తొలి మర ప్రమాణంగా దానికి పేరు.

అయితే విట్‌వర్త్ మర కాస్త ముతక. ఇనుప పోతలకు, పెద్ద యంత్రాలకు బాగానే పనికొచ్చింది. అదిరిపోతూ పరుగెత్తే మోటారు కార్లకు ఇంకా సన్నటి మర కావాల్సి వచ్చింది. సన్నటి మర అయితే బిగింపు బాగుంటుంది, అదురుకు వదులు కాదు. అలా 20వ శతాబ్దం తొలినాళ్లలో బ్రిటిష్ స్టాండర్డ్ ఫైన్... అంటే బీఎస్‌ఎఫ్ వచ్చింది. కోణం అదే 55 డిగ్రీలు, చుట్లు ఎక్కువ. ఉదాహరణకు 5/16 అంగుళం బోల్టుకు విట్‌వర్త్ లెక్కలో అంగుళానికి 18 చుట్లయితే బీఎస్‌ఎఫ్‌లో 22. ఇక డైనమో, మీటర్లు, స్విచ్చుల్లాంటి చిన్న సరుకు కోసం బీఏ అని ఇంకో రకం. దాని కోణం 47.5 డిగ్రీలు. అందులో నంబరు పెరిగేకొద్దీ బోల్టు చిన్నదవుతుంది!

కొత్తగా ఈ పనిలోకి దిగినవాళ్లను బెంబేలెత్తించేది పానాల వ్యవహారం. విట్‌వర్త్ పానా మీద 1/4 అని ఉంటే దాని నోరు పావు అంగుళం ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. కానీ కొలిస్తే అర అంగుళం దాటి ఉంటుంది. ఆ అంకె పానా నోటిది కాదు, బోల్టు కాడ లావుది. పోనీ అదైనా స్థిరంగా ఉందా అంటే అదీ లేదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఉక్కు ఆదా చేయడానికి విట్‌వర్త్ బోల్టుల తలల్ని ఒక సైజు తగ్గించారు. దాంతో ఒకే లావు బోల్టుకు యుద్ధానికి ముందు ఒక పానా, తర్వాత ఇంకో పానా!

ఫ్రెంచి మర... ఇంగ్లిషు తల

ఇప్పుడు మన టీసీ కారు దగ్గరికి వద్దాం. ఎంజీ అంటే మోరిస్ గ్యారేజెస్. ఆక్స్‌ఫర్డ్‌లో విలియం మోరిస్‌కు చెందిన కార్ల దుకాణం అది. దాని మేనేజరు సెసిల్ కింబర్ మోరిస్ కార్లకు సోకు చేసి స్పోర్ట్స్ కార్లుగా మలచడంతో ఎంజీ పుట్టింది. 1929లో అబింగ్డన్ పట్టణానికి మారిన ఆ ఫ్యాక్టరీ 1980లో మూతపడేదాకా లక్షల కార్లు చేసింది. 2019లో హెక్టార్ కారుతో మన రోడ్ల మీదికి వచ్చిన ఎంజీ పేరు ఆ పాత పేరే. కంపెనీ మాత్రం చేతులు మారి ఇప్పుడు చైనాకు చెందిన శాయిక్ గొడుగు కిందికి చేరింది.

1945 నుంచి 1949 దాకా తయారైన టీసీలు సుమారు పదివేలు. దాని తర్వాత వచ్చిన టీడీలు దాదాపు 30 వేలు. వాటిలో ఎక్కువ భాగం ఓడలెక్కి అమెరికా వెళ్లాయి. అమెరికన్లకు బ్రిటిష్ స్పోర్ట్స్ కార్ల పిచ్చి పట్టించింది ఇవేనంటారు. ఈ కార్ల చట్రంలో వాడినవి బీఎస్‌ఎఫ్ బోల్టులు. ఇంజిన్‌లో మాత్రం మిల్లీమీటర్ల మర. దీనికి కారణం ఓ యుద్ధం!

హాచ్‌కిస్ అనేది ప్యారిస్ శివార్లలోని ఓ ఆయుధాల కంపెనీ. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్లు ప్యారిస్ వైపు దూసుకొస్తుంటే ముందు జాగ్రత్తగా ఇంగ్లండులోని కోవెంట్రీలోనూ మెషిన్‌గన్ల ఫ్యాక్టరీ పెట్టింది. యుద్ధం ముగిసింది. తుపాకులకు గిరాకీ పడిపోయింది. యంత్రాలు ఖాళీగా ఉన్నాయి. అదే సమయానికి మోరిస్‌కు కారు ఇంజిన్లు కావాల్సి వచ్చాయి. హాచ్‌కిస్ చేసిపెట్టింది. యంత్రాలు ఫ్రెంచి లెక్కలవి కాబట్టి మరలు మిల్లీమీటర్లలోనే పడ్డాయి. మరి ఇంగ్లిషు మెకానిక్కుల దగ్గర మిల్లీమీటర్ల పానాలేవీ? అందుకే ఓ ఉపాయం చేశారు. బోల్టుకు మర ఫ్రెంచిది, తల విట్‌వర్త్ పానాకు సరిపోయేది!

1923లో ఆ ఫ్యాక్టరీని మోరిస్ కొనేశాడు. యంత్రాలూ మరలూ అలాగే కొనసాగాయి. టీసీలో ఉన్న 1250 సీసీ ఎక్స్‌పీఏజీ ఇంజిన్‌లోనూ అదే పద్ధతి. టీడీ, టీఎఫ్ కార్లలోనూ అంతే. అంటే ఎప్పుడో ఆగిపోయిన ఓ యుద్ధం తాలూకు లెక్క 1955 దాకా ఈ కార్లలో బతికే ఉందన్నమాట. ఈ సంగతి తెలియని మెకానిక్ విట్‌వర్త్ పానా సరిగ్గా పట్టింది కదా అని విట్‌వర్త్ మర బోల్టే తెస్తాడు. తల చెప్పేది ఒకటి, మర చెప్పేది ఇంకొకటి. తలను చూసి మోసపోయేది ఇక్కడే.

మూడు దేశాల రాజీ

మరోపక్క అమెరికాది ఇంకో దారి. ఫిలడెల్ఫియాకు చెందిన విలియం సెల్లర్స్ 1864లో 60 డిగ్రీల కోణంతో, పళ్ల కొనలు గుండ్రం బదులు చదునుగా ఉండే మరను ప్రతిపాదించాడు. తయారీ తేలికని అమెరికా దాన్నే పట్టుకుంది. మిత్రదేశాలు రెండూ ఒకే భాష మాట్లాడతాయి కానీ వాటి నట్లూ బోల్టులూ మాట్లాడుకోవు!

రెండో ప్రపంచయుద్ధంలో ఇది పెద్ద తలనొప్పి అయింది. స్పిట్‌ఫైర్ లాంటి యుద్ధ విమానాలకు గుండెకాయ రోల్స్‌రాయిస్ మెర్లిన్ ఇంజిన్. దాన్ని అమెరికాలోని డెట్రాయిట్‌లో ప్యాకార్డ్ కంపెనీ కూడా తయారుచేసింది. ఇంజిన్ బ్రిటిష్ డిజైన్ కాబట్టి బోల్టులూ బ్రిటిష్ మరలతోనే ఉండాలి. అమెరికాలో అవి దొరకవు. చివరికి విట్‌వర్త్, బీఎస్‌ఎఫ్, బీఏ మరల స్క్రూలూ బోల్టులూ చేయడానికి ప్యాకార్డ్ సొంతంగా ఏర్పాట్లు చేసుకోవాల్సి వచ్చింది.

ఈ దెబ్బతో కళ్లు తెరుచుకున్నాయి. 1948 నవంబరు 18న అమెరికా, బ్రిటన్, కెనడాలు వాషింగ్టన్‌లో ఓ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. కోణం 60 డిగ్రీలు, కొలతలు అంగుళాల్లో. ముతక మరకు యూఎన్‌సీ, సన్న మరకు యూఎన్‌ఎఫ్ అని పేర్లు. 1955లో వచ్చిన ఎంజీఏ, 1962లో వచ్చిన ఎంజీబీ కార్లలో ఎక్కువ భాగం బోల్టులు యూఎన్‌ఎఫ్‌వే.

మనవాళ్లకు ఈ రకం కొత్తేం కాదు. మన అంబాసిడర్ కారు పుట్టిల్లు కూడా మోరిసే. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారే ఇక్కడ 1957లో అంబాసిడర్ అయింది. 2014 దాకా తయారైంది. చాలా ఏళ్లపాటు దానిలో పెట్టిన 1489 సీసీ ఇంజిన్, ఎంజీఏ స్పోర్ట్స్ కారు ఇంజిన్... రెండూ ఒకే కుటుంబానికి చెందినవి. పాత అంబాసిడర్ మెకానిక్కుల దగ్గర 7/16, 1/2, 9/16 అని రాసి ఉన్న ఇంచీ పానాల సెట్టు వేరేగా ఉండేది అందుకే. తర్వాత వచ్చిన మారుతీల పానాలు వీటికి పనికిరావు, వీటివి వాటికి పనికిరావు!

అదిగో దొరికింది... అనుకుంటే!

బోల్టు అసలు ఎక్కకపోతే బాధ లేదు. ఇది కాదని తెలిసిపోతుంది. ఎక్కినట్టే ఎక్కేదాంతోనే ప్రమాదం. 5/16 అంగుళం అంటే 7.94 మిల్లీమీటర్లు. అంటే ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టుకూ దీనికీ లావులో తేడా ఇంచుమించు ఓ తలవెంట్రుక మందం. అదే 5/16లో బీఎస్‌ఎఫ్‌కు అంగుళానికి 22 చుట్లు, యూఎన్‌ఎఫ్‌కు 24. పావు అంగుళం బోల్టయితే విట్‌వర్త్‌కూ యూఎన్‌సీకీ చుట్లు ఒకటే... 20. కోణం మాత్రం వేరు. ఒకదాని నట్టు ఇంకోదానికి చాలాసార్లు ఎక్కుతుంది కూడా. కానీ పళ్లు పూర్తిగా ఆనవు. పైకి బిగిసినట్టే ఉంటుంది. మోసేది మాత్రం సగం సగం పళ్లే. గతుకుల్లో పడినప్పుడో, బ్రేకు మీద కాలేసినప్పుడో దాని అసలు రంగు బయటపడుతుంది.

సరిపోయినట్టుండే బోల్టు ఎంత పని చేయగలదో చెప్పే ఘటన ఒకటి ఎంజీ సొంతూరికి దగ్గర్లోనే ఆకాశంలో జరిగింది. 1990 జూన్ 10. బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌లోని మలగాకు 81 మంది ప్రయాణికులతో బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం బయల్దేరింది. 17,300 అడుగుల ఎత్తులో, అబింగ్డన్ పక్కనే ఉన్న డిడ్‌కాట్ పట్టణం మీదుగా పోతుండగా కెప్టెన్ ముందున్న అద్దం ఊడి ఎగిరిపోయింది. గాలి ఉరవడికి కెప్టెన్ నడుం దాకా బయటికి వెళ్లిపోయాడు. సిబ్బంది ఆయన కాళ్లు గట్టిగా పట్టుకున్నారు. కో-పైలట్ విమానాన్ని సౌతాంప్టన్‌లో దించాడు. అదృష్టం... ఎవరి ప్రాణమూ పోలేదు. కొన్ని నెలల్లోనే ఆ కెప్టెన్ మళ్లీ విమానం నడిపాడు.

విచారణలో తేలిందేమిటి? ఆ అద్దాన్ని అంతకు ముందురోజే మార్చారు. దానికి బిగించిన 90 బోల్టుల్లో 84 ఉండాల్సిన లావు కంటే 0.66 మిల్లీమీటర్లు సన్నం. మిగతా ఆరూ పొట్టివి. పాత బోల్టును చేతిలో పట్టుకుని, అలాంటివే వెతికి, కంటితో పోల్చి తెచ్చారు. పార్ట్స్ పుస్తకం తిరగేసి ఉంటే సరిపోయేది. ఇంకో విశేషం ఏమిటంటే, పోలిక కోసం తీసుకున్న ఆ పాత బోల్టు కూడా పుస్తకం ప్రకారం ఉండాల్సింది కాదు. అంతకుముందు ఎప్పుడో ఎవరో పెట్టిన పొట్టిది.

పాత కార్ల యజమానులు గుండెల్లో రాసుకోవాల్సిన పాఠం ఇది. డెబ్భై ఏళ్ల కారు ఎన్నో చేతులు మారి ఉంటుంది. మధ్యలో ఏ మెకానిక్ ఏ డబ్బాలోంచి ఏ బోల్టు తీసి పెట్టాడో ఎవరికి తెలుసు? కారులోంచి ఊడిన బోల్టు కాబట్టి అదే సరైనది అనుకోవడానికి వీల్లేదు.

తల రాత చదవాలి

మర కుదిరింది, పొడవూ కుదిరింది. ఇంకా సగం పని మిగిలే ఉంటుంది. అది బలం. చూడ్డానికి ఒకేలా ఉండే రెండు బోల్టుల్లో ఒకటి రెండోదానికి రెట్టింపు బరువు మోయొచ్చు. ఆ సంగతి చెప్పేది బోల్టు తల మీది రాత.

పాత బ్రిటిష్ బోల్టుల తల మీద ఆర్, ఎస్, టీ, వీ అనే అక్షరాల్లో ఏదో ఒకటి కనిపిస్తుంది. ఆర్ అంటే చదరపు అంగుళానికి కనీసం 45 టన్నులు లాగితే గానీ తెగదని. ఎస్ అంటే 50, టీ అంటే 55, వీ అంటే 65 టన్నులు. బోల్టు తల మధ్యలో గుండ్రటి గుంట ఉన్నా, అంచు పలకల మీద గొలుసుకట్టుగా చిన్న చిన్న గుండ్రాలున్నా అది యూఎన్‌ఎఫ్, యూఎన్‌సీ జాతిదని గుర్తు. అమెరికన్ బోల్టులకు అక్షరాల బదులు గీతలు. మూడు గీతలుంటే గ్రేడ్ 5, ఆరుంటే గ్రేడ్ 8. మిల్లీమీటర్ల బోల్టుల మీద ఉండేవి 8.8, 10.9 లాంటి అంకెలు. 8.8 అంటే చదరపు మిల్లీమీటరుకు దాదాపు 80 కిలోల లాగుడుకు తట్టుకుంటుందని అర్థం. తల మీద ఏమీ లేని బోల్టు దొరికితే దాన్ని మడ్‌గార్డుకో, నంబరు ప్లేటుకో వాడుకోవచ్చు. స్టీరింగు, బ్రేకులు, సస్పెన్షన్ దగ్గరికి మాత్రం రానివ్వకూడదు.

చాలామంది చేసే మరో పొరపాటు స్టెయిన్‌లెస్ స్టీలు. తళతళలాడుతుంది, తుప్పు పట్టదు. వంటింట్లో గిన్నెకు అది చాలు. బోల్టుకు చాలదు. మామూలుగా దొరికే స్టెయిన్‌లెస్ బోల్టు చదరపు మిల్లీమీటరుకు 45 కిలోల దగ్గరే సాగిపోవడం మొదలవుతుంది. 8.8 బోల్టు 64 కిలోల దాకా ఆగుతుంది. పైగా స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ బిగిస్తే మరలు ఒకదానికొకటి అతుక్కుని మళ్లీ ఊడిరావు.

పాత బోల్టులకే పూత పూయించుకుందామంటే అక్కడా ఓ మెలిక ఉంది. గట్టి ఉక్కు బోల్టును యాసిడ్‌లో కడిగి జింక్ పూత పూసేటప్పుడు దానిలోకి హైడ్రోజన్ చేరుతుంది. దాంతో ఉక్కు పెళుసెక్కుతుంది. బయటికి మెరుస్తూనే ఉండి ఓ రోజు బిస్కెట్‌లా విరుగుతుంది. అందుకే పూత అయిన వెంటనే సుమారు 200 డిగ్రీల వేడిలో కొన్ని గంటలపాటు ఉంచి ఆ హైడ్రోజన్‌ను వెళ్లగొట్టాలి. ఈ పని తెలిసిన చోటే పూత పూయించాలి.

బిగింపులోనూ కిటుకుంది. బోల్టు అంటే నిజానికి గట్టి స్ప్రింగే. బిగించినప్పుడు అది ఆవగింజంత సాగి, మళ్లీ ముడుచుకోవాలని చూస్తూ రెండు భాగాలనూ ఒకచోట అదిమి పడుతుంది. మనం పానాతో పెట్టే బలంలో దాదాపు తొంభై శాతం రాపిడికే పోతుంది. పదో వంతే బోల్టును సాగదీస్తుంది. మరకు నూనె రాస్తే ఆ లెక్క మారిపోతుంది. పుస్తకంలో ఎంత బిగించమన్నారన్నదే కాదు, పొడిగానా నూనెతోనా అన్నదీ చూసుకోవాలి. పిస్టన్లను క్రాంక్‌షాఫ్టుకు కలిపే కనెక్టింగ్ రాడ్ల బోల్టుల్లాంటివి ఒకసారి విప్పితే కొత్తవి వేయడమే క్షేమం.

వేట ఇలా సాగుతుంది

అనుభవజ్ఞులు విప్పేటప్పుడే సగం పని పూర్తిచేస్తారు. ముందు ఫొటో తీస్తారు. ప్రతి జాయింటు బోల్టులనూ వేరే సంచీలో వేసి చీటీ కడతారు. లేదంటే అట్టముక్క మీద ఆ భాగం బొమ్మ గీసి, ఏ కన్నంలోంచి వచ్చిన బోల్టును అక్కడే గుచ్చి పెడతారు. తుప్పు పట్టి కదలనిదాన్ని ఒక్కరోజులో లొంగదీయాలని చూడరు. నూనె పోసి నానబెడతారు, వేడి చేస్తారు, అటూ ఇటూ కాస్త కాస్త కదుపుతారు.

తర్వాత కొలత. కాడ లావుకు వెర్నియర్, మరకు థ్రెడ్ గేజి. దువ్వెన పళ్లలాంటి అంచులున్న రేకుల కట్ట అది. ఒక్కో రేకునూ మర మీద ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే, సరైన రేకు దగ్గర వెలుగు సందులోంచి రాదు. గేజి లేకపోతే రకం తెలిసిన బోల్టును పక్కన పెట్టి పళ్లలో పళ్లు దిగుతున్నాయేమో చూస్తారు. ఇక బిగించేటప్పుడు ఒకటే నియమం. మొదటి నాలుగైదు చుట్లు వేళ్లతోనే తిరగాలి. తిరగకపోతే పానా ముట్టుకోకూడదు.

కాడ సంగతీ చూడాలి. కొన్నిటికి తల నుంచి చివరిదాకా మర ఉంటుంది. కొన్నిటికి తల కింద నున్నటి కాడ ఉండి చివర్లోనే మర ఉంటుంది. రెండు రేకులు పక్కలకు జరగకుండా ఆపాల్సిన చోట ఆ నున్నటి కాడే బరువు మోస్తుంది. అక్కడ నిండా మర ఉన్నదాన్ని పెడితే, మర గాడి దగ్గర సన్నబడ్డ చోటే అది తెగే ప్రమాదం ఉంది.

అసలు ఏ బోల్టు ఉండాలో చెప్పే పెద్ద దిక్కు కంపెనీ పార్ట్స్ పుస్తకం. బ్రిటిష్ లేలాండ్ రోజుల నాటి నంబర్లలోనే ఓ భాష దాగుంది. ఉదాహరణకు ఎస్‌హెచ్ 605081. ఎస్‌హెచ్ అంటే నిండా మర ఉండే ఆరు పలకల తల స్క్రూ. అదే బీహెచ్ అయితే నున్నటి కాడ ఉన్న బోల్టు. 6 అంటే యూఎన్‌ఎఫ్, 5 ఉంటే యూఎన్‌సీ. తర్వాతి 05 అంటే అంగుళంలో పదహారో వంతులు అయిదు, అంటే 5/16 లావు. 08 అంటే ఎనిమిదో వంతులు ఎనిమిది, అంటే అంగుళం పొడవు. చివరి అంకె పూతది. ఈ కిటుకు తెలిస్తే ఆ నంబరు బోల్టు ఇప్పుడు దొరక్కపోయినా, అదే కొలతల బోల్టును ఎవరి దగ్గరైనా అడిగి కొనుక్కోవచ్చు.

ఎక్కడ కొనాలి? బీఎస్‌ఎఫ్, యూఎన్‌ఎఫ్ బోల్టులు ఇప్పటికీ కొత్తగా చేసి అమ్మే ప్రత్యేక దుకాణాలు బ్రిటన్‌లో ఉన్నాయి. ఎంజీ ఇంజిన్ల కోసం ఎనిమిది మిల్లీమీటర్లకు 1 మిల్లీమీటరు మర తీసి, విట్‌వర్త్ తల పెట్టి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. అదీ కాదు, ఆనాటి బోల్టే కావాలనుకునేవాళ్ల గమ్యం దక్షిణ ఇంగ్లండులోని బ్యూలీ. అక్కడి జాతీయ మోటారు మ్యూజియం ఆవరణలో 1967లో మొదలైన పాత సామాన్ల సంతకు పెద్ద పేరుంది. తుప్పు డబ్బాల్లో కుప్పపోసిన బోల్టుల్ని మోకాళ్ల మీద కూర్చుని ఏరుకునేవాళ్లు అక్కడ కనిపిస్తారు. తల మీద జీకేఎన్ లాంటి ఆనాటి కంపెనీ ముద్ర ఉందా లేదా అని చూసి మరీ తీసుకుంటారు. ఆ కంపెనీ పేరులోని ఎన్ అంటే నెటిల్‌ఫోల్డ్స్. బర్మింగ్‌హామ్‌లో ఆ స్క్రూల వ్యాపారంలోనే డబ్బు గడించి తర్వాత రాజకీయాల్లో చక్రం తిప్పినవాడు జోసెఫ్ ఛాంబర్లేన్. 1939లో హిట్లర్ మీద యుద్ధం ప్రకటించిన ప్రధాని నెవిల్ ఛాంబర్లేన్ ఆయన కొడుకే!

అందానికి ఆనాటి ముద్ర, ప్రాణానికి సరైన బలం. రెండూ ఒకే బోల్టులో కుదరనప్పుడు తెలిసినవాళ్లు రెండోదానికే ఓటేస్తారు. ముద్ర ఉన్న పాత బోల్టును అందరికీ కనిపించే చోట, బరువు లేని చోట పెడతారు. బ్రేకులకూ స్టీరింగుకూ కొత్తగా చేసిన, గ్రేడు రాసి ఉన్న బోల్టు కొంటారు. ఆ కొత్త బోల్టు ఖర్చు కారు మీద పెట్టిన ఖర్చులో ఏ మూలకూ రాదు. దాన్ని వెతికే ఓపికే ఖరీదైనది.

షెడ్డులో ఆ టీసీ యజమాని కూడా చివరికి ఆ ఓపికే నేర్చుకుంటాడు. పోయిన మరను బాగుచేయించి, అక్కడ లోహపు చుట్ట పెట్టి, సరైన 1 మిల్లీమీటరు మర బోల్టు తెప్పిస్తాడు. ఈసారి పానా పక్కన పెట్టి వేళ్లతో తిప్పుతాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు... హాయిగా దిగిపోతుంది. ఆ నాలుగు చుట్ల ఆనందం ఇంజిన్ స్టార్టయినప్పుడు కూడా ఉండదేమో!

అన్నట్టు... 1948లో మూడు దేశాలు రాజీపడి చేసుకున్న ఆ అంగుళాల మర పాత కార్లతోనే పోయిందనుకుంటున్నారా? ఇప్పటి కార్లలో దాదాపు అన్నీ మిల్లీమీటర్ల బోల్టులే. ఒక్కచోట మాత్రం ఆ పాత లెక్క ఇంకా నిలిచే ఉంది. సీటు బెల్టును కారు బాడీకి పట్టి ఉంచే బోల్టుకు అంతర్జాతీయ నిబంధనల్లో ఉన్న మర కొలత ఇప్పటికీ 7/16 అంగుళం యూఎన్‌ఎఫ్... అంగుళానికి 20 చుట్లు. ఈసారి కారెక్కి బెల్టు పెట్టుకున్నప్పుడు ఓసారి తలుచుకోండి. మిమ్మల్నీ మీ పిల్లల్నీ ఆపి ఉంచేది అలాంటి బోల్టే. దాన్ని ఎప్పుడైనా విప్పాల్సి వస్తే మళ్లీ అదే పెట్టారో లేదో ఓ మాట అడగండి. సరిపోయిందా అని కాదు... సరైనదేనా అని!